రాయబోయే రచయిత

అనంతపురం టవర్ క్లాక్ చుట్టుపక్కల టీ అంగళ్ల దగ్గర పొద్దుగూకాక ఒక రకం మనిషి కనిపిస్తాడు. భుజానికి గుడ్డసంచి, సంచిలో లావుపాటి నోటుబుక్కు, జేబులో రెండు పెన్నులు. ఒకటి ఆగిపోతే ఇంకొకటి ఉండాలని ముందుజాగ్రత్త. ఇంతవరకూ రెండూ ఆగలేదు, కదిలితే కదా ఆగడానికి! నోటుబుక్కు మొదటి పేజీలో కథ పేరు, దాని కింద రెండు గీతలు, ఆ కింద కలంపేరు, ఊరి పేరు ఉంటాయి. రెండో పేజీ నుంచి అంతా తెలుపే. "ఏమప్పా, కథ ఎంతవరకొచ్చె?" అని ఎవరైనా అడిగితే "అంతా అయిపాయప్పా, రాసేదొక్కటే బాకీ" అంటాడు. అడిగిన పాపానికి మొత్తం వినిపిస్తాడు. అన్యాయం చెప్పకూడదు, బ్రహ్మాండంగా చెబుతాడు. అప్పు తెచ్చి బోరు వేయించే రైతు, ఆరు వందల అడుగులు దిగినా దుమ్మే ఎగజిమ్మే లారీ, చెంగు నోట్లో కుక్కుకుని చూస్తున్న భార్య. అక్కడ ఆగి, ఒక గుక్క టీ తాగి, ఆమె అప్పుడేమందో గొంతు తగ్గించి చెబుతాడు. వినేవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి. మర్నాడు ఇంకో అంగట్లో అదే కథ. ముగింపు మాత్రం మారుతుంది.

కలం ఎందుకు సాగలేదంటే "నేలకు వాన లేదు, నాకు మూడ్ లేదు" అంటాడు. ఈ మాట నమ్మడం కష్టం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే ఈ జిల్లా నుంచే, తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' రాశారు. శెనక్కాయ సేద్యం ఎంత జూదమో సింగమనేని నారాయణ 'జూదం' కథలో చూపించారు. కరువు వీళ్ల చేత రాయించింది గానీ మాన్పించలేదు. నా లెక్కలో ఈయన జబ్బు వేరే. కథను నోటితోనే ఖర్చు పెట్టేస్తున్నాడు. ఎవరికీ చెప్పనిదేదో లోపల కుదురుగా ఉండనీయకపోతేనే మనిషి కాగితం ముందు కూర్చుంటాడు. టీ అంగట్లోనే "ఆహా" ముట్టేశాక, రాత్రిపూట ఒంటరిగా కూర్చుని కొట్టేసి మళ్లీ రాసే చాకిరీ ఎవడికి కావాలి? పైగా చెప్పేటప్పుడు చెయ్యి తిప్పితే పొలం కనబడుతుంది, గొంతు వణికితే దుఃఖం పలుకుతుంది. కాగితం మీద ఆ చెయ్యీ ఉండదు, ఆ గొంతూ ఉండదు. మొదటి పేరా చప్పగా కనబడేసరికి హడలిపోయి నోటుబుక్కు మూసేస్తాడు.

మనది నోటికథల దేశం, చెప్పుకుంటేనే కథ పదునెక్కుతుంది కదా అంటారు. నిజమే. అయితే బుర్రకథ చెప్పేవాడికి చెప్పడంతో పని పూర్తవుతుంది, ఈయనకు అక్కడే మొదలు కావాలి. నలుగురికి వినిపించడం మంచిదే, కాగితం చేతిలో పట్టుకుని. తీరిక లేదంటారా, చిలుకూరి దేవపుత్ర రెవెన్యూ శాఖలో పనిచేస్తూ కథలూ నవలలూ రాశారు. రెవెన్యూ ఉద్యోగం తీరికైనదని అనుకునేవాళ్లు జమాబందీ రోజుల్లో ఒకసారి ఆఫీసులోకి తొంగిచూడాలి. సింగమనేని పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూనే రాశారు. ఇక మూడో అభ్యంతరం గట్టిది: కరువు మీద రాయాల్సిందంతా పెద్దవాళ్లు రాసేశారు, ఇంకేం మిగిలింది? ఇందులో కొంత నిజముంది. ఎండిన బోరు, వలస, అప్పులవాడు చాలా కథల్లో అరిగిపోయిన మాట వాస్తవం. కానీ బండి నారాయణస్వామి ఇదే నేల మీద నిలబడి 18వ శతాబ్దపు హండె రాజుల కాలంలోకి వెళ్లి 'శప్తభూమి' రాశారు. దానికి తానా నవలల పోటీ బహుమతి, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చాయి. నేల మారలేదు, చూసిన వైపు మారింది. మన రాయబోయే రచయితకు అంత దూరం వెళ్లే పని కూడా లేదు. ఎత్తుగడ కోసం కొట్టుకోవడం మాని, కథ నడుమ నుంచి, లారీ పక్కన ఆ ఇల్లాలు అన్న మాట నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ ఒక్క మాట రోజూ మారకుండా కాగితం మీద పడితే, ముందు వాక్యమూ వెనక వాక్యమూ దానికవే అడుగుతాయి.

కాబట్టి పాఠకులకొక మనవి. ఈయన మీకు ఎదురైతే టీ ఇప్పించండి, ఉగ్గాని బజ్జీ పెట్టించండి. కథ చెప్పబోతే మాత్రం "రాసుకొచ్చినాక ఇనిపించప్పా" అని లేచి వచ్చేయండి.