రసాయనాలు లేని రసాయనం

మా వీధి మందుల షాపులో ఓ బలం మందు డబ్బా చూశాను. ముందు పెద్ద అక్షరాల్లో ‘దివ్య రసాయనం’. వెనక్కి తిప్పితే చీమల బారులాంటి అక్షరాల్లో ‘ఇందులో ఎలాంటి రసాయనాలూ లేవు’. ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం అని మాయ గురించి తేల్చడానికి అద్వైతులకు భాష్యాలు కావలసివచ్చాయి. ఈ కంపెనీకి ఒక్క లేబులు చాలింది.

పాపం, ఆ మాట మంచి ఇంటిదే. రసం, అయనం. రసమంటే మన మిరియాల చారు కాదు. తిన్నది అరిగాక ఒంట్లో ముందుగా తయారయ్యే ధాతువు. అయనమంటే దారి. రసం మొదలుకొని ఏడు ధాతువులూ బాగుపడే మార్గమే రసాయనం. ఆయుర్వేదానికున్న ఎనిమిది అంగాల్లో అదొకటి. చరకుడు చికిత్సా స్థానాన్ని మొదలుపెట్టింది జ్వరంతో కాదు, దీనితోనే. తర్వాత రసమంటే పాదరసమైంది, రసవాదులు బంగారం కోసం కొలుములు ఊదారు. ఇంగ్లీషు చదువు కెమిస్ట్రీని తెచ్చేసరికి దానికీ ఈ పేరే పెట్టాం. ముసలితనాన్ని ఆపాల్సిన మాట చివరికి యూరియా బస్తా ఎక్కి, పురుగుమందు సీసాలో దూరింది. ఇప్పుడు అదే షాపువాడు ఒకే మాటతో భయపెడతాడు, అదే మాటతో ఊరిస్తాడు.

మందు పుచ్చుకునే ముందు ఒళ్లు శుద్ధి చేసుకోవాలన్నారు పాతవాళ్లు. మురికి గుడ్డకు రంగు పట్టదు కదా. గట్టి రసాయనానికైతే మూడు లోగిళ్ల కుటీరం కట్టుకుని, గాలీ ఎండా తగలకుండా అందులో ఉండాలి. అంత తీరిక ఎవరికుంది? రాత్రి బిర్యానీ, పొద్దున రెండు చెంచాలు! చ్యవనుడికి పోయిన వయసు తిరిగొచ్చింది. మనకు ఆయన పేరు పెట్టిన లేహ్యం దక్కింది. చరకుడి లెక్కలో దానికి 500 ఉసిరికాయలు. కలకండ ఆయనా వెయ్యమన్నాడు లెండి, కాకపోతే ఉసిరికను మింగేసేంత కాదు.

అన్నట్టు, ఆయనే చెప్పిన ఇంకో రసాయనం ఏ షాపులోనూ దొరకదు. ఆచార రసాయనం. కోపం మానాలి, మద్యం ముట్టకూడదు, హింస చెయ్యకూడదు, తియ్యగా మాట్లాడాలి. డబ్బా లేదు, ధర లేదు, డీలరుకు కమీషనూ లేదు. ఇక ప్రకటన ఎవరిస్తారు?

ఆ పట్టీలో మొట్టమొదటి దినుసు, నిజం చెప్పడం. లేబులు రాసిన పెద్దమనిషి రోజూ పరగడుపున అది రెండు చెంచాలు పుచ్చుకోవాలని మనవి.