పిందె గురించి అడిగితే పందిరి గురించి చెప్పండి

మిద్దెతోటల వాళ్లు నెలకోసారి ఎవరో ఒకరి డాబా మీద చేరతారు. విత్తనాలు పంచుకుంటారు, ఉప్మా తింటారు, సందేహాలు అడుగుతారు. మొదటి రెండింటితో ఇబ్బంది లేదు. అడిగినదానికి సూటిగా జవాబు వచ్చేసిందంటే మాత్రం ఉప్మా చల్లారేలోపే జనం చెప్పులు వెతుక్కుంటారు. అలా జరక్కుండా చూసుకోవడం పాతకాపుల బాధ్యత.

కొత్తగా చేరిన ఒకావిడ లేచి, "మా సొరపాదుకి పిందెలు బొటనవేలంత అయ్యి, పచ్చబడి రాలిపోతున్నాయండీ, ఏం చెయ్యాలి?" అని అడిగిందనుకోండి. జాగ్రత్త, దీనికి జవాబుంది. అందుకని ముందు మీరే ఎదురుప్రశ్న వెయ్యండి: "కుండీ ఏ మూల పెట్టావమ్మా?" ఆవిడ ఈశాన్యం అనగానే పెదవి విరవండి. అక్కడ బరువు పెట్టకూడదని ఒకరు, తీగకి బరువేమిటని ఇంకొకరు అందుకుంటారు. వాస్తు సద్దుమణిగేసరికి స్లాబు ఎత్తుకోండి. తడిసిన మట్టి ఎంత బరువు, డాబా కారుతుందా, కారకుండా చేస్తానని అడ్వాన్సు పుచ్చుకున్న మేస్త్రీ ఏమైపోయాడు? మేస్త్రీ కథ లేని ఇల్లు ఉండదు. ఒక్కొక్కరినీ నిదానంగా చెప్పనివ్వండి.

వేపనూనె మాత్రం మరవకండి. ఏ ప్రశ్నకైనా పనికొస్తుంది. లీటరు నీళ్లకి 5 మి.లీ., కలవడానికి కాస్త కుంకుడు రసం. ఆవిడ సమస్యకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, అయినా కొలతతో చెబితే ఎదురుచెప్పేవాళ్లుండరు. సరిగ్గా పువ్వులు విచ్చే వేళ కొట్టమనండి, దారితప్పి వచ్చే ఒకటీ అరా పురుగు కూడా రాకుండా పోతుంది.

ఇంకా టైముంటే జీవామృతం. సుభాష్ పాలేకర్ చెప్పిన లెక్క ఎకరానికి: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు మట్టి. ఆవిడకున్నది ఒక్క పెయింటు బకెట్. దానికి బెల్లం ఎన్ని గ్రాములో తేలాలంటే ఎవరో ఒకరు ఫోన్ తీసి లెక్క కట్టాలి. ఈలోగా మీరు, "అది సరే, నాటు ఆవు పేడ హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?" అనండి. రెండోసారి టీ వస్తుంది.

అసలు గండం వెనక వరసలో ఉంటుంది. అంతసేపూ నోరెత్తని ఒక పెద్దావిడ ఉన్నట్టుండి, "ఏం లేదమ్మా, పువ్వు కింద బుల్లి పిందె ఉంటే ఆడపువ్వు, వట్టి కాడే ఉంటే మగపువ్వు. మగపువ్వు తుంచి, రేకులు ఒలిచేసి, ఆ పుప్పొడి ఆడపువ్వు మధ్యలో అద్దు. సొరపువ్వు విచ్చేది సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి చెయ్యి. మూడో అంతస్తు దాకా పురుగులు ఎక్కడొస్తాయి?" అనేస్తుంది.

కంగారుపడకండి. కాదనకండి కూడా, కాదంటే ఆవిడ మళ్లీ చెబుతుంది, ఈసారి అందరికీ వినబడుతుంది. గట్టిగా తలూపి, "గుమ్మడికైతే పొద్దున్నే చెయ్యాలి!" అనండి. నిజమే కదా, ఎవరూ తప్పుపట్టలేరు. గుమ్మడి వచ్చిందంటే వడియాలు వస్తాయి. వడియాలకి కావలసింది బూడిదగుమ్మడి అని ఒకరు సరిదిద్దుతారు. ఇంగువ వెయ్యాలా వద్దా అనేదాని మీద సభ రెండుగా చీలుతుంది.

అప్పటికీ ఆ కొత్తావిడ పెన్ను పట్టుకుని వెనక్కే చూస్తోందంటే, డాలస్‌లో కొడుకున్నాయన్ని లేపండి. వాళ్లబ్బాయి పెరట్లో గోంగూర ఎంత ఏపుగా పెరిగిందో, మంచు పడ్డ రాత్రి ఎలా మాడిపోయిందో ఫొటోలతో సహా చూపిస్తాడు. ఆ ఫొటోలు నేనూ చాలాసార్లు చూశాను, బాగుంటాయి.

వచ్చే నెల ఆవిడ వచ్చి, విసుగొచ్చి పాదు పీకేశానంటే, అయ్యో అని, ఆ కుండీ ఖాళీయేనా అని అడగండి. మీ దగ్గర మిర్చినారు మిగిలిపోయింది కదా. అలా కాక మోచెయ్యంత సొరకాయ చంకన పెట్టుకుని వచ్చిందా, వెనక వరస పెద్దావిడ ఫోన్ నంబరు ఆవిడకి ఎవరిచ్చారో ముందు ఆరా తియ్యండి.