మళ్ళీ ముట్టించు విధానం

సిగరెట్ మానడం ఎలాగో చెప్పేవాళ్ళకు మన దగ్గర లోటు లేదు. డాక్టర్లు చెబుతారు, సినిమా మొదలయ్యే ముందు ప్రభుత్వం చెబుతుంది, ఇంటికొచ్చిన మామయ్య సోంపు నములుతూ చెబుతాడు. మానేసినవాడు మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. పాపం, ఎవరికి వాళ్ళు సొంతంగా నేర్చుకోవలసి వస్తోంది. నేను ఏడుసార్లు మానేసి ఏడుసార్లూ మొదలుపెట్టినవాణ్ణి. ఎనిమిదోసారి మానేసి ఇవాళ్టికి ఇరవైమూడు రోజులు. చేయి తిరిగిన విద్య మరిచిపోకముందే నాలుగు ముక్కలు రాసిపెడితే పదిమందికి పనికొస్తుంది కదా అని ఈ ప్రయత్నం.

రాయాలన్న బుద్ధి పుట్టించింది మా ఆఫీసు కుర్రాడు. మొన్న కింద టీ కొట్టు దగ్గర సిగరెట్ ముట్టిస్తూ, "నేను మానేశాను కదన్నా" అన్నాడు. అది నోట్లో ఉండగానే అన్నాడు. మానేసి మూడు నెలలు పూర్తయిన సందర్భంగా తాగుతున్నాడట. నాకు ఒళ్ళు మండింది. పోయిన ఉగాదికి నేనూ అదే చోట నిలబడి అదే మాట అన్నానని గుర్తొచ్చి ఇంకాస్త మండింది.

కావలసినవి: మానేసి కనీసం పది రోజులైన మనిషి ఒకడు. టీ కొట్టు ఒకటి. పాత స్నేహితులు ఇద్దరు లేక ముగ్గురు. కారణం, రుచికి తగినంత.

ముందుగా, మానేశానని ఊరంతా చాటండి. అలా చాటితే పరువు కోసమైనా కట్టుబడి ఉంటామని పెద్దలంటారు. జరిగేది వేరు. కనిపించినవాడల్లా "ఇంకా మానేసే ఉన్నావా?" అని అడుగుతాడు. మీరు పొద్దున్నుంచి మరిచిపోయి హాయిగా ఉంటే, పని గట్టుకుని గుర్తుచేస్తాడు. పదోవాడు అడిగేసరికి జవాబు మార్చాలనిపిస్తుంది.

లైటర్ పారేయకండి. జ్ఞాపకంగా ఉంచుకోండి. దేవుడి దీపానికైనా పనికొస్తుందని ఇంట్లో చెప్పండి. వీలైతే మూడు సిగరెట్లున్న పెట్టె ఒకటి కూడా ఎక్కడో దాచండి. దీని వెనక గొప్ప తర్కం ఉంది: ఉందన్న ధైర్యం ఉంటే తాగక్కర్లేదు. నేను నాలుగోసారి మానేసినప్పుడు ఈ ధైర్యాన్ని బాత్రూంలో గీజర్ పైన దాచాను. నలభై రోజుల తర్వాత ఒక రాత్రి స్టూలెక్కి తీసి చూస్తే వేడికి ఎండి గలగలమంటోంది. వేలితో నొక్కగానే పొగాకు పొడి సగం నేల మీద రాలిపోయింది. ముట్టించగానే ఖాళీ అయిన మేరకు కాగితం గొట్టం అంటుకుని భగ్గుమంది, కనుబొమ్మ కమిలింది. అయినా మిగిలిన సగం పూర్తిచేశాను. రుచి గురించి అడక్కండి, ఎండు గడ్డి నయం.

కోరిక పుట్టినప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆ కోరిక మూడు నాలుగు నిమిషాలకు మించి ఉండదు. ఏదో పనిలో పడితే దానంతటదే సద్దుమణిగే ప్రమాదం ఉంది. కాబట్టి రెండో నిమిషం లోపే తేల్చేయాలి. ఆలస్యం అమృతం విషం.

టీ తగ్గించకండి. వీలైతే పెంచండి. ఇందులో కొంత శాస్త్రం కూడా ఉంది. పొగలోని కొన్ని రసాయనాలు మన కాలేయాన్ని తరిమి తరిమి కెఫీన్‌ను తొందరగా కరిగింపజేస్తాయి. పొగ ఆగితే ఆ తొందరా ఆగుతుంది. రోజూ తాగే అవే నాలుగు టీలు ఇప్పుడు ఒంట్లో ఎక్కువసేపు తిష్ఠ వేస్తాయి. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, అయినదానికీ కానిదానికీ కసురుకోవడం, ఇవన్నీ సిగరెట్ మానినందువల్లేనని మనం సిగరెట్ ఖాతాలో రాసేస్తాం. టీ మాత్రం ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడుతుంది. మూడు రోజులు ఇలా ఇంట్లో అందరి మీదా అరిస్తే నాలుగో రోజు వాళ్ళే చేతులు జోడిస్తారు: "బాబ్బాబూ, ఒకటి కాల్చుకుని రా, నీకు పుణ్యముంటుంది." ఇక మీరు తాగేది మీ కోసం కాదు, కుటుంబ శాంతి కోసం.

సినిమాకు వెళ్ళండి. కథలో మునిగిపోయి తెర మీద హీరో ముట్టించిన సంగతి మీరు గమనించకపోయినా, వెంటనే కింద మూలన హెచ్చరిక పడి గుర్తుచేస్తుంది. నగరానికి ఏమైందని అడిగే ఆ పాత ప్రకటన మనవాళ్ళ నాలుకల మీద ఎంతగా ఆడిందంటే, 2018లో దర్శకుడు తరుణ్ భాస్కర్ తన సినిమాకు ఆ ప్రశ్ననే పేరుగా పెట్టుకున్నాడు. ఆ ప్రకటన నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఇంటర్వెల్‌లో బయట పొగ వదులుతూ మిత్రులకు వినిపించేవాణ్ణి కూడా.

ఈ-సిగరెట్ జోలికి పోకండి. 2019లో మన దేశంలో నిషేధించారు. చట్టాన్ని గౌరవించే పౌరులుగా మామూలు సిగరెట్టే తాగండి.

బరువు: మానేసినవాళ్ళు ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరగడం మామూలే. షుగరొస్తుందన్న భయంతో మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ నాలుగు కిలోలూ దిగలేదు, అది వేరే విషయం.

పుస్తకాలు చదవండి. అలెన్ కార్ అనే ఇంగ్లీషాయన మాన్పించే పుస్తకం ఒకటి రాశాడు. 1985 నుంచీ అమ్ముడవుతూనే ఉంది. అందులో నాకు నచ్చిన సౌకర్యం, పుస్తకం పూర్తయ్యేదాకా నిక్షేపంగా తాగుతూ ఉండమంటాడు. నేను బుద్ధిగా పాటించాను. చివరి ఇరవై పేజీలు రెండేళ్ళ పాటు చదవకుండా ఉంచాను.

ఇక అన్నిటికంటే నాకిష్టమైన పద్ధతి, మన తెలుగువాళ్ళు ఎంతో నియమంగా పాటించేది: అయ్యప్ప మాల.

కార్తీకం రాగానే వీధికి పదిమంది నల్లబట్టల్లో కనిపిస్తారు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, సాయంత్రం మళ్ళీ స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం, కాళ్ళకు చెప్పులుండవు. రోజుకు పెట్టె ఊదేవాడు నలభై ఒక్క రోజులు సిగరెట్ ముట్టడు. గమ్ము నమలడు, ఏ డాక్టరునూ అడగడు. నేను రెండుసార్లు మాల వేసుకున్నాను. మానడం కష్టమని ఆ రెండుసార్లూ ఒక్కరోజు కూడా అనిపించలేదు. అసలు అక్కడ మానడమనే మాటే లేదు. స్వామి సిగరెట్ తాగడు, అంతే. నేను వెళ్తే టీ కొట్టతను "రండి స్వామీ, పాలు కాచమంటారా?" అనేవాడు. బల్ల మీద కూర్చుని ఊదుతున్నవాళ్ళు, నా కంటే వయసులో పెద్దవాళ్ళు కూడా, గబుక్కున చెయ్యి వెనక దాచుకుని రెండడుగులు పక్కకు జరిగేవాళ్ళు. లోకమంతా కలిసి నా చేత మాన్పిస్తోంది. నేను ఊరికే నిలబడితే చాలు.

ఒంటి లెక్క చూడండి. రక్తంలో ఉన్న నికోటిన్ రెండు గంటలకోసారి సగానికి పడిపోతూ రెండు మూడు రోజుల్లో ఇంచుమించు ఖాళీ అయిపోతుంది. చిరాకు, తలనొప్పి మొదటివారంలో ముదిరి, మూడు నాలుగు వారాలకు చల్లబడతాయి. అంటే నలభై ఒక్క రోజుల మండలం పూర్తయ్యేసరికి ఒంటికీ సిగరెట్‌కీ మధ్య బాకీలన్నీ తీరిపోయినట్టే.

అలా ఒకసారి శబరిమల కొండకు వెళ్ళొచ్చి, అమ్మ చేత మాల తీయించుకుని, నాలుగిళ్ళలో ప్రసాదం పంచి, సాయంత్రం చెప్పులు వేసుకున్నాను. అన్ని రోజుల తర్వాత చెప్పులు కొత్తగా, కాస్త వదులుగా అనిపించాయి. టీ కొట్టుకు వెళ్ళాను. "ఏంటన్నా, ప్రయాణం బాగా జరిగిందా?" అంటూ అతను టీ గ్లాసు పెట్టి, దాని పక్కన నేనడక్కుండానే నా బ్రాండు సిగరెట్ ఒకటి పెట్టాడు. నిన్నటిదాకా స్వామీ అన్న నోటితోనే అన్నా అన్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం వేళాకోళం పక్కన పెడతాను. ఆ సాయంత్రం నాకు సిగరెట్ తాగాలనిపించలేదు. ఒంట్లో ఏ మూలా దాన్ని అడగలేదు. పెట్టాడు కదా అని తీసుకున్నాను. మొదటి దమ్ముకు తల తిరిగింది, కడుపులో తిప్పింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఒళ్ళు అంత స్పష్టంగా వద్దంటుంటే, "అలవాటు తప్పింది, రెండోదానికి సర్దుకుంటుంది" అని దానికి నేనే నచ్చజెప్పాను. రెండోదానికి నిజంగానే సర్దుకుంది. ఆ నలభై ఒక్క రోజులూ నేను మానలేదు, వాయిదా వేశాను. మాల వేసుకున్న రోజునే తీసే రోజు లెక్కపెట్టుకున్నాను కదా, ఆ తేదీ దాకా సిగరెట్ నా కోసం కొట్టు దగ్గర కూర్చుని ఉంది.

కాబట్టి మాల వేసుకోనివాళ్ళు కూడా ఈ కిటుకు వాడుకోవచ్చు. మానేటప్పుడే గడువు పెట్టుకోండి. పాప పరీక్షలయ్యేదాకా, కొత్త ఇంట్లో పాలు పొంగించేదాకా, పెద్దాయన సంవత్సరీకం దాటేదాకా. ఎప్పటికీ అనే మాట మాత్రం దగ్గరకు రానివ్వకండి.

తర్వాతిది "ఒక్కటే". తెలుగులో ఇంత సాగే మాట ఇంకోటి లేదు. ఒక్కటే. ఒక్కటంటే ఒక్కటే. ఇద్దరం చెరిసగం. ఒక్క దమ్ము. ఇంకొకరి చేతిలోది పీల్చితే అసలు లెక్కే కాదు, మనం కొనలేదు కదా! మన దగ్గర లూజుగా అమ్మడం ఇందుకు ఎంతో సాయపడుతుంది. పెట్టె కొనేవాడు వ్యసనపరుడు, విడిగా కొనేవాడు ఏదో సరదాకి. రోజుకు పదకొండుసార్లు విడిగా కొన్నా సరదాయే. 2016 నుంచి పెట్టె మీద 85 శాతం మేర కుళ్ళిన గొంతుల బొమ్మలూ హెచ్చరికలూ వేయిస్తున్నారు. లూజు కొనేవాడి చేతికి ఆ బొమ్మ రానే రాదు, అది కొట్టువాడి దగ్గరే ఉండిపోతుంది. పాపం, రోజంతా దాన్ని చూసేది అతనొక్కడే. పెట్టె మీద మానాలనుకునేవాళ్ళు ఉచితంగా ఫోన్ చేసుకోడానికి 1800-11-2356 అని నంబరు కూడా వేస్తున్నారు. పొరపాటున కూడా చేయకండి, అవతల ఎవరో ఎత్తి ఓపిగ్గా మాట్లాడతారు.

తప్పు మీ మీద వేసుకోకండి. నాకైతే మా ప్రకాశం జిల్లా ఉంది. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల వాసన పీల్చుకుంటూ పెరిగాను. మా ఇళ్ళలో పెళ్ళిళ్ళు, పిల్లల ఫీజులు ఒంగోలు వేలంలో పలికిన ధరను బట్టే నడిచాయి. అదీ చాలకపోతే సాహిత్యం ఉంది. "కన్యాశుల్కం"లో వెంకటేశానికి గిరీశం దగ్గర నిజంగా వంటబట్టిన చదువు చుట్ట కాల్చడమొక్కటే. మన ఆధునిక నాటకమే అలా మొదలైతే మనమెంత?

చివరగా, చుట్ట తాత. తొంభై రెండేళ్ళు బతికి, రోజూ చుట్ట కాల్చి, నిద్రలో పోయిన తాత ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు. మీకు లేకపోతే పక్కింటివాళ్ళ తాతను వాడుకోండి. తాత కాకముందే యాభైల్లో పోయినవాళ్ళు ఎవరి వాదనలోకీ రారు.

మా బాబాయి అలా వాదనలోకి రాని మనిషి. ఊపిరితిత్తుల్లో గడ్డ. హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో పదహారు రోజులున్నాడు. గేటుకు ఎదురుగా రోడ్డవతల ఒక పాన్ డబ్బా. పక్కన మేకుకు కట్టిన కొబ్బరి తాడు, చివర ఎర్రగా రాజుకుంటూ వేలాడుతుండేది. దాని చుట్టూ ఎప్పుడూ ఏడెనిమిది మంది. అందరి చేతుల్లోనూ లోపల పడుకున్నవాళ్ళ ఎక్స్‌రే కవర్లు. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకునేవాళ్ళు కాదు, వరసగా వంగి తాడుకు ముట్టించుకునేవాళ్ళు. అప్పటికి నేను మానేసి ఐదు నెలలు. మూడో రోజు నేనూ వంగాను.

లవంగం నమిలి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను. బాబాయికి అప్పటికే గొంతు పోయింది, గాలిలా వచ్చేది మాట. దగ్గరకు రమ్మన్నాడు. తిడతాడనుకుని చెవి పెట్టాను.

"ఏ కంపెనీరా?" అన్నాడు.

చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి, "పావలా ఉండగా మొదలెట్టా" అన్నాడు.

ఈ పద్ధతికి నేను ఏ పేరూ పెట్టలేదు.

రాస్తుండగానే ఫోన్ మోగింది. మా ఆఫీసు కుర్రాడే, మూడు నెలల వేడుక ఇంకా నడుస్తున్నట్టుంది.

"అన్నా, టీకి వస్తావా?"

"టీయేనా?"

"టీయే. వస్తూ వస్తూ నీ లైటర్ పట్టుకురా అన్నా. నాది అయిపోయింది."

సొరుగులోనే ఉంది. ఒకసారి నొక్కి చూశాను, వెలుగుతోంది. ఇచ్చేసి వస్తాను.