నల్ల టీషర్టు కుర్రాడు

మా లెక్కల మాస్టారి అబ్బాయి హైదరాబాదులో ఉంటాడని తెనాలిలో అందరికీ తెలుసు. డల్లాస్‌లో ఉంటాడని వియ్యాలవారికి మాత్రమే తెలుసు.

నిజానికి వాణ్ణి హైదరాబాదు పంపింది డల్లాస్ కోసమే. 2017లో ఎంసెట్ గట్టెక్కి, కూకట్‌పల్లి హాస్టల్లో ఉండి కంప్యూటర్ సైన్సులో చేరాడు. ఆ తర్వాత ఎమ్మెస్, ఆపైన ఉద్యోగం, ఆపైన హెచ్‌-1బీ. ఏ ఏడు ఏది, దానికెంత అప్పు, అది ఎప్పటికి తీరుతుందీ అని మాస్టారు నోటుపుస్తకంలో పట్టిక గీసుకున్నారు. ఆ పట్టికలో కేటరింగ్ అనే గడి లేదు.

రెండో ఏడాది రూమ్మేటు వాణ్ణి ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. "తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు ఉంటే చాలురా. పూటకి ఐదొందలు, భోజనం." పెళ్ళిళ్ళ సీజన్లో హైదరాబాదు ఫంక్షన్ హాళ్ళలో మనకి వడ్డించే కుర్రాళ్ళలో ఇంజనీరింగు పిల్లలు బోలెడుమంది. వీడూ ఫోను రీచార్జి కోసమని మొదలుపెట్టాడు. సాంబారు బకెట్ మోశాడు, ఎంగిలాకులు చుట్టి కొత్త బంతికి కాగితం పరిచాడు, "బాబూ, ఇటు నెయ్యి!" అన్నవైపల్లా పరుగెత్తాడు.

ఒక రాత్రి కొంపల్లి వైపు పెళ్ళి. మగపెళ్ళివారి ఊరేగింపు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. పూలమండపం వాళ్ళు మా పని అయిపోయిందని సామాను సర్దుకుంటున్నారు. జనరేటర్లో డీజిలు లేదంటే హాలువాళ్ళనడగమంటాడు దాని తాలూకు మనిషి. పురోహితుడు గౌరీపూజకు పిల్లను తెమ్మని కేకలేస్తుంటే, ఫొటోగ్రాఫరు ఆ పిల్లను మేడమీద నిలబెట్టి గడ్డం కొంచెం పైకెత్తమంటున్నాడు. సరిగ్గా ముహూర్తానికి కుర్చీలు ఖాళీ అయ్యేలా కేటరింగువాళ్ళు పెద్ద బంతికి ఆకులు వేసేశారు. ఎవరి పని వాళ్ళు బాగానే చేశారు. పెళ్ళొక్కటే ఎవరి పనీ కాకుండా పోయింది.

వీడికి ఆ గందరగోళంలో మేనేజ్‌మెంట్ సైన్సు పాఠం గుర్తుకొచ్చిందట. పెర్ట్, సీపీఎం అని పరీక్షకోసం బట్టీపట్టినది. ఏ పని ఆగితే మొత్తం ఆగిపోతుందో కనిపెట్టి ముందు దాని సంగతి చూడమనేది అందులోని కిటుకు. టిష్యూ కాగితం మీద జీలకర్ర-బెల్లం వేళ రాసి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చాడు. పెళ్ళికూతురు ఎప్పటికి మేడ దిగాలి, పెళ్ళికొడుకు బండి ఏ సందులోంచి రావాలి, డీజిలుకు ఎవరు వెళ్ళాలి, ఆకులు ఎప్పుడు వెయ్యాలి. ఆ కాగితం పట్టుకుని అందరి చుట్టూ తిరిగాడు. ముహూర్తం దాటలేదు. కేటరింగు మేస్త్రి ఐదొందలకు వెయ్యి ఇచ్చి, "ఈసారి బకెట్ పట్టకు, కాగితమే పట్టుకురా" అన్నాడు.

అంతే, వాడికి ఆ పిచ్చి పట్టింది. చదువు పూర్తయ్యేలోగా ఒక్కో హాలులో కరెంటు ఎంత లోడు తట్టుకుంటుందో, ఏ మేళంవాళ్ళు చెప్పిన వేళకు వస్తారో, వెయ్యిమంది అంటే నిజంగా ఎంతమంది వస్తారో వాడికి కరతలామలకం. 2021లో ఐటీ కంపెనీలు పిల్లల్ని ఎగరేసుకుపోతున్న రోజుల్లో వాడికీ ఆఫర్ లెటరొచ్చింది. వద్దన్నాడు. ఇద్దరు జూనియర్లతో సొంతంగా ఈవెంట్ల పని మొదలుపెట్టాడు.

"పెళ్ళిళ్ళలో పెత్తనం చెయ్యడానికి ఇంజనీరింగు దేనికిరా?" అన్నారు మాస్టారు. ఆ తర్వాత చాలాకాలం తండ్రీకొడుకుల మాటలు తల్లి ద్వారానే నడిచాయి.

ఇంతలో ఆడపిల్లకి రాజమండ్రి సంబంధం కుదిరింది. పెళ్ళిచూపుల్లో, "అబ్బాయేం చేస్తున్నాడు?" అని వియ్యంకుడు మామూలుగా అడిగాడు. మాస్టారి నోటివెంట నోటుపుస్తకంలోని పట్టిక అలాగే వచ్చేసింది. "డల్లాస్‌లో అండీ. సాఫ్ట్‌వేరు."

వంద అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. మాస్టారు ఒకటే ఆడారు. కానీ దాన్ని పోషించడానికి తక్కిన తొంభై తొమ్మిదీ అవసరమయ్యాయి. వీటిలో పెద్దదాన్ని ట్రంపే సమకూర్చాడు. 2025 సెప్టెంబరులో హెచ్‌-1బీ కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లన్నాక, "ఈ పరిస్థితుల్లో వస్తే మళ్ళీ వెళ్ళగలడో లేడో, అందుకే వద్దన్నానండీ" అంటే నమ్మని తెలుగువాడు లేడు.

తీరా 2026లో మాఘం కాస్తా మూఢంలో పోయింది. ఫాల్గుణంలో ముహూర్తాలు మొదలయ్యేసరికి అందరూ ఒక్కసారే ఎగబడ్డారు. హాలు దొరికింది గాని, మా ఊళ్ళోగాని గుంటూరులోగాని పెళ్ళి పని ఒప్పుకునే మనిషి దొరకలేదు. చివరికి మాస్టారే కొడుక్కి ఫోను చేశారు.

"నువ్వు రావాలిరా. కానీ..."

"నువ్వు చెప్పక్కర్లేదు నాన్నా, అమ్మ చెప్పింది. ఈవెంటు కుర్రాడిగానే వస్తా. చెల్లి పెళ్ళి బాగా జరగాలి, అంతే" అన్నాడు వాడు.

నల్ల టీషర్టు, చెవిలో వైరు, చేతిలో వాకీటాకీ. మా ఊరి జనానికి మాస్టారు ముందే నోళ్ళు కుట్టేశారు. అందరం వాణ్ణి "ఇదిగో బాబూ" అని పిలిచాం. పెళ్ళివారి బస్సు దిగేసరికి వాళ్ళ బామ్మగారికోసం చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది. షుగరున్న వాళ్ళకి వేరే పాయసం కౌంటరు. జీలకర్ర-బెల్లం పెట్టిన క్షణానికి సరిగ్గా గట్టిమేళం మోగింది. మాస్టారు కొడుకువైపు చూడకుండా ఉండటానికి పూలదండల వైపు చూస్తూ కూర్చున్నారు.

లాజహోమం దగ్గర పురోహితుడు తలెత్తి, "అమ్మాయి అన్నదమ్ములెవరు? చెల్లెలి దోసిట్లో పేలాలు పొయ్యాలి" అన్నాడు.

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. పెళ్ళికూతురు మండపం పక్కకి చూసింది. అక్కణ్ణుంచి నల్ల టీషర్టు కుర్రాడు పెదనాన్న కొడుకుని భుజం పట్టుకుని ముందుకు తోశాడు. తోసి, వాకీటాకీలో, "లాజహోమం అవుతోంది. అరుంధతి దర్శనానికి బయట లైట్లు తగ్గించండి" అని చెప్పాడు. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటే హోమం పొగ అనుకున్నారు రాజమండ్రివాళ్ళు.

అప్పగింతలకు ముందు వియ్యంకుడు మాస్టారినీ, ఆయన పక్కనే ఉన్న నన్నూ పక్కకు పిలిచాడు.

"బావగారూ, ఆ నల్ల టీషర్టు కుర్రాడెవరండీ?"

"ఈవెంటు తాలూకు అబ్బాయండీ."

"పెళ్ళయిందా?"

"ఇంకా లేదు" అన్నారు మాస్టారు, మరీ చప్పున.

"మీ దగ్గర దాపరికమెందుకు. మేం తేవలసిన సూత్రం లాడ్జిలోనే మర్చిపోయి వచ్చాను. నా కాళ్ళు వణుకుతుంటే ఆ కుర్రాడు చూశాడు. తాళం చెవి అడిగాడు. మనిషిని పంపి, వేళకి తెప్పించి నా చేతిలో పెట్టాడు. మా ఆవిడకి కూడా తెలియనివ్వలేదు. మా రెండో అమ్మాయికి ఇలాంటివాడు కావాలి బావగారూ."

మాస్టారి ముఖం వెలిగింది. నోరు తెరిచారు. వియ్యంకుడు చెయ్యి అడ్డుపెట్టి నవ్వాడు.

"మీరేమంటారో నాకు తెలుసు. మేమూ మొదట మీవాణ్ణే అనుకున్నాం. కుండమార్పిడైతే అయిందిలే, అమెరికా సంబంధం ఇంట్లోనే ఉందనుకున్నాం. కానీ ఇవాళ లాజహోమం చూశాక మా ఆవిడ ససేమిరా అంది. తోడబుట్టినదాని దోసిట్లో గుప్పెడు పేలాలు పొయ్యడానికి రానివాడికి పిల్లనెలా ఇస్తామండీ? ఆ కుర్రాణ్ణి కన్న తండ్రెవరో మీరే కనుక్కుని చెప్పాలి. మాటిచ్చి తప్పే మనిషీ, అబద్ధాలాడే మనిషీ కాకపోతే చాలు."