దూలంలో పుట్టినదాన్ని

ఆళ్లగడ్డ శిల్పులు ఉలితో రాతిని తొలుస్తారు. నేను దవడలతో కట్టెను తొలుస్తాను. నల్ల తుమ్మెదను, ఓ పాత మిద్దెలోని వేపదూలం నా పుట్టిల్లు. శాస్త్రజ్ఞులు మమ్మల్ని జైలోకోపా ప్రజాతి అంటారు. సుమారు 12 కోట్ల ఏళ్ల కిందట మా పూర్వికులు పురుగుల్ని వేటాడే కందిరీగలు. మాంసం మాని పుప్పొడికి మళ్లిన శాఖ మాది.

"ఒరే నాయనా, ఆ తుమ్మెద దూలాన్ని తినేస్తాండాది సూడు" అని ఇంటి అవ్వ మనవడిని కేకేస్తుంది. అవ్వా, కట్టె తినేది చెదలు! నేను కొరికిన పొట్టంతా బయటికే తోసేస్తాను. వేలు పట్టేంత గుండ్రటి కంత కొంచెం లోపలికి పోయి, దూలం పొడవునా పక్కకు తిరుగుతుంది. ఆ చివర పుప్పొడి, తేనె కలిపి ముద్ద చేసి, దాని మీద ఒక్క గుడ్డు పెట్టి, కట్టెపొట్టుతో అడ్డగోడ కడతాను. మళ్లీ ముద్ద, గుడ్డు, గోడ. పురుగుల లోకంలో బాగా పెద్ద గుడ్లలో మావీ ఉంటాయి. అందుకే పెట్టేది కొన్నే.

మీ మొహం మీదికి దూసుకొచ్చేది మా మగవాడు. కొండి లేదు, వట్టి హడావుడి. కొండి నాకుంది గానీ, పట్టుకుంటే తప్ప కుట్టను.

తంగేడు పువ్వు పుప్పొడిని తిత్తుల్లో దాచి, కొసన సన్నటి రంధ్రం మాత్రం ఉంచుతుంది. తేనెటీగ ఎంత గీకినా రాల్చదు. నేను పువ్వును కరచుకుని వేలాడి, రెక్కలు ముడిచి ఎదకండలు వణికిస్తే జుమ్మని మోగి, పుప్పొడి నా పొట్ట మీద చిమ్ముతుంది. వంకాయ పూతకూ ఇదే మంత్రం. శ్రీశైలంలో భ్రమరాంబ గుడి వెనక గోడకు చెవి ఆనించి ఝుంకారం వినాలని జనం ఎగబడతారు. అదే మోత ఇంటి దూలంలో వినిపిస్తే కిరోసిన్ సీసా తెస్తారు.

నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానానికి శనగ రకాల వల్ల పేరొచ్చింది. శనగపువ్వు విచ్చకముందే తన పని తానే ముగించుకుంటుంది, నాతో దానికి పనిలేదు. కంది దారి వేరు. నాలాంటి బరువైనది వాలితే అడుగురేకులు వంగి, కేసరాలు నా పొట్టకు రుద్దుకుంటాయి. ఆ పుప్పొడి పక్క చేనుకూ చేరుతుంది. విత్తనానికి కంది వేసే రైతు రకానికీ రకానికీ మధ్య దూరం పాటించేది మావంటివాళ్ల వల్లే!

అలాగని దూలం రాసివ్వమనను. దానికి రంగు వేయించండి, రంగు పూసిన కట్టె జోలికి మేం అంతగా రాం. కిరోసిన్ మాత్రం పోయకండి. కందిచేను గట్టున ఎండిన మొద్దు ఒకటి వదిలేయండి చాలు, అక్కడే కాపురం పెట్టుకుంటాం.