కంటినిండా నిద్ర, తెల్లవారుజాము నాలుగున్నరకి

మా కంపెనీకి ఉద్యోగి క్షేమమంటే ప్రాణం. నా మాట నమ్మకపోతే నా డల్లాస్ ప్రయాణం వినండి.

శనివారం అర్ధరాత్రి శంషాబాద్‌లో విమానం ఎక్కించారు. ఆదివారం సాయంత్రం దించి, సోమవారం పొద్దున తొమ్మిదికల్లా క్లయింటు ముందు కూర్చోబెట్టారు. పనిదినం ఒక్క పూట పాడవలేదు. పాడైంది నా సెలవు, అది కంపెనీది కాదు కదా! కాంప్ ఆఫ్ అడిగితే హెచ్ఆర్ మేడమ్ "విమానంలో పడుకునే వెళ్లారు కదండీ" అన్నారు. పడుకున్నాను మరి, మూడు సీట్ల మధ్య సీట్లో, అటు ఒకాయన మోచేతికీ ఇటు ఒక చంటిబిడ్డ ఏడుపుకీ నడుమ. బిజినెస్ ట్రిప్పంటే బిజినెస్ క్లాసే అనుకుని మా అమ్మ వీధంతా చెప్పుకుంది, పిచ్చితల్లి.

వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. పగలు క్లయింటుకి, రాత్రి హైదరాబాద్ టీముకి. మూడో రోజు వెల్‌నెస్ వెబినార్ పెట్టారు: "కంటినిండా నిద్ర, ఒంటినిండా ఆరోగ్యం". మధ్యాహ్నం మూడింటికి. ఆ మూడు హైదరాబాద్‌ది. నాకు తెల్లవారుజాము నాలుగున్నర. హాజరు తప్పనిసరి, కెమెరా ఆన్‌లోనే ఉండాలి. పడుకోబోయేముందు స్క్రీన్ చూడొద్దని వక్తగారు స్క్రీన్‌లోంచే హెచ్చరించారు. ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే గానీ వదల్లేదు. అయిదు నక్షత్రాలిచ్చాను. కిటికీలోంచి అవే కనిపిస్తున్నాయి మరి.

బెంగగా ఉంటే ఫోన్ చేయమని హెల్ప్‌లైన్ కూడా ఉంది, 1800 నంబరు. దేశం దాటితే కలవదు. బెంగంతా దేశం దాటాకే. జ్వరం మాత్రల బిల్లు పెడితే "పెర్ డీమ్‌లోనే వస్తాయి" అని తిప్పికొట్టారు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మాట తేల్చింది: బర్నౌట్ జబ్బు కాదు, అదుపు చేయకుండా వదిలేసిన పని ఒత్తిడి ఫలితం. మావాళ్లు "జబ్బు కాదు" దాకా చదివి సిక్ లీవ్ కొట్టేశారు.

అన్యాయంగా మాట్లాడకూడదు. యూరప్ పంపినప్పుడు వైద్యబీమా దగ్గరుండి చేయించారు. 30,000 యూరోల బీమా చూపకపోతే షెంగెన్ వీసా ఇవ్వరు మరి. అమెరికా వీసాకి ఆ పట్టింపు లేదు. అందుకని ఆవకాయ సీసా ఇచ్చి పంపింది మా అమ్మ.

అయ్యా, మీ యోగా చాపలూ టీషర్టులూ మీ దగ్గరే ఉంచుకోండి. విమానం దిగిన మర్నాడు ఒక్కరోజు పడుకోనివ్వండి. దానికి వక్త అక్కర్లేదు.