పిస్కాటవే మత్స్యపద్యం: టీకా తాత్పర్య సహితం

ఊరు మారి వచ్చి యొడ్డున నిలుచుండి
పత్రమొకటి కొనక పట్టరాదు
చిక్కినట్టి చేప చెరువుకే యిచ్చేసి
పప్పుచారు తినుము పాపతోడ

అవతారిక: ఇది ఆటవెలది. టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి, అందులోనూ మిడిల్‌సెక్స్ కౌంటీ పిస్కాటవేకి వచ్చి, సామాను పెట్టెలు విప్పకముందే గాలాలు కొన్న ఒక గృహస్థుని ఉద్దేశించి చెప్పినది. మూలమూ నాదే, టీకా నాదే. మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరికి ఈ సౌకర్యం లేదు పాపం. కాళిదాసు మనసులో ఏముందో ఆయన ఊహించి రాయాల్సి వచ్చింది.

ప్రతిపదార్థం: ఊరు మారి వచ్చి = ఉద్యోగం మారో, బడి బాగుందనో పిస్కాటవే చేరి; ఒడ్డున = న్యూ మార్కెట్ చెరువు గట్టున, లేదా రారిటన్ నది పక్కన జాన్సన్ పార్కులో; నిలుచుండి = మడత కుర్చీలు ఇంట్లో మరిచిపోయినందువల్ల నిలబడి; పత్రము = మంచినీటి చేపల లైసెన్సు; ఒకటి = తలకొకటి (ఇంటికొకటి అని అర్థం చెప్పిన పూర్వ వ్యాఖ్యాతలు జరిమానా కట్టారని వినికిడి); కొనక = కొనకుండా; పట్టరాదు = పట్టకూడదు; చిక్కినట్టి చేప = దొరికిన ఆ ఒక్క చేపను; చెరువుకే = ఫ్రిజ్‌కు కాక చెరువుకే; ఇచ్చేసి = తడిచేత్తో వదిలిపెట్టి; పాపతోడ = అంతసేపూ ‘ఇంకెంతసేపు నాన్నా’ అని అడిగిన బిడ్డతో కూడి; పప్పుచారు తినుము = స్పష్టం.

తాత్పర్యం: డబ్బు కట్టి పట్టు, పట్టి వదులు, వదిలి ఇంటికి పో.

విశేషాలు: ‘వచ్చి’ అన్నది క్త్వార్థకం. ఎప్పుడు వచ్చి? పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. ఆర్నెల్లుగా న్యూజెర్సీలో కాపురముంటేనే ఈ రాష్ట్రం నివాసిగా లెక్కిస్తుంది. నివాసికి ఏడాది లైసెన్సు 22.50 డాలర్లు, నిన్నగాక మొన్న దిగినవాడికి 34. టెక్సాస్‌లో పుచ్చుకున్న లైసెన్సు ఇక్కడ చిత్తు కాగితం. పదహారేళ్ళు నిండని పిల్లలకు ఏ పత్రమూ అక్కర్లేదు. అయితే ‘బాబు పట్టుకుంటున్నాడు, నేను పక్కన నిలబడ్డానంతే’ అంటూ బాబు గాలం తన చేతిలోకి తీసుకున్న తండ్రి, ఈ టీకాకారుడి మతంలో, చేపలు పడుతున్నట్టే.

మరి రాజమండ్రి నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన తాతగారు? డెబ్బై నిండిన నివాసులకు లైసెన్సు అక్కర్లేదన్న మాట విని ఆయన సంతోషిస్తారు. నివాసులకు, అన్న మాట ఆయనకు వినబడదు. గోదావరి గట్టున పుట్టి పెరిగిన ఆ పెద్దమనిషి కూడా, 19.50 డాలర్ల ఏడు రోజుల లైసెన్సో మరొకటో, తీసుకోవలసిందే. ఇది తెలిసిన క్షణాన ఆయన ముఖాన కనిపించేది రౌద్రమా, బీభత్సమా అన్నది ఆలంకారికులు ఇంకా తేల్చలేదు.

ఇక శనివారం సంగతి. ట్రౌట్ చేపల సీజను ఏటా ఏప్రిల్‌లో ఒక శనివారం ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. దానికి పైన ట్రౌట్ స్టాంపు వేరే, నివాసికి 10.50 డాలర్లు. జూన్‌లో ఒకరోజు, అక్టోబరులో ఒకరోజు లైసెన్సు లేకుండానే ఎవరైనా గాలం వేసుకోవచ్చు. కొత్తగా వచ్చిన కుటుంబానికి ఇంతకంటే మంచి ఆరంభం లేదు, కానీ అవీ శనివారాలే. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళొచ్చి, ఆ పూట నీసు ముట్టని ఇల్లాలు ఏమనాలి? కవి దూరదృష్టి చూడండి: ‘చెరువుకే యిచ్చేసి’ అని మూడో పాదంలోనే పరిహారం చెప్పేశాడు. (కవి నేనే గనక ఈ మెచ్చుకోలు కొంత తగ్గించి చదువుకోగలరు.)

చెరువుకే ఎందుకివ్వాలి? ఇది శనివారపు నియమం మాత్రమే కాదు, ఆదివారానిదీ. న్యూ మార్కెట్ చెరువులోకి నీళ్ళు తెచ్చేది బౌండ్ బ్రూక్ అనే వాగు. దానికి ఎగువన, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో 1936 నుంచి 1962 దాకా కార్నెల్-డుబిలియర్ కంపెనీ కెపాసిటర్లు తయారుచేసింది. అక్కడి పీసీబీలనే విషరసాయనాలు మట్టిలోకి, వాగులోకి, చేపల కొవ్వులోకి చేరాయి. 1998లో ఆ స్థలం కలుషిత స్థలాల సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది. ఆ వాగు చేప, ఆ చెరువు చేప ఏ జాతిదైనా తినవద్దని ప్రభుత్వ హెచ్చరిక. చింతపండు పులుసులో ఎంతసేపు ఉడికించినా పీసీబీ పోదు.

పట్టడానికి మాత్రం అడ్డులేదు. పిల్లల మొదటి చేప సన్‌ఫిష్ కావడం మేలు. గట్టు పక్కనే తిరుగుతుంది, ఆకలి ఎక్కువ, అనుమానం తక్కువ. చిన్న కొక్కెం, ఎరుపు తెలుపుల బెండు, వేలెడంత కూడా లేని వానపాము ముక్క చాలు. మొత్తం వానపామును గుచ్చితే కొసలు కొరుక్కుపోతుంది. బెండు ఒకసారి ఊగితే లాగకూడదు, మునిగితే లాగాలి. తాతగారు నోరు మూసుకోలేని చోటు ఇదొక్కటే. దొరికిన చేప వీపున ముళ్ళుంటాయి గనక తడిచేత్తో తలవైపు నుంచి రెక్కను నిమురుతూ పట్టాలి. పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురు ఊడిపోయి, వదిలాక రోగం పాలు కావచ్చు. కొక్కెం ముల్లును ముందే పటకారుతో నొక్కేస్తే తీయడం తేలిక. వానపాముల డబ్బాను ఫ్రిజ్‌లోనే ఉంచాలి, వేడికి చస్తాయి. పెరుగు గిన్నె పక్కన పెట్టి ఇంట్లో చెప్పకుండా ఊరుకోవడం మాత్రం అపశాస్త్రం.

చెరువు విసుగనిపిస్తే లాండింగ్ లేన్ వంతెన దాటి డెలావేర్-రారిటన్ కాలువకు వెళ్ళండి. 1834లో తెరిచారు, 1932 దాకా పడవలు నడిచాయి. పడవలు లాగిన కంచరగాడిదల బాట మీద ఇప్పుడు స్ట్రాలరు సాఫీగా పోతుంది. తాతగారు పులస కోసం బెంగపడితే వసంతంలో డెలావేర్ నదికి, లాంబర్ట్‌విల్ వైపు తీసుకెళ్ళండి. సముద్రం నుంచి నదిలోకి ఎదురీదే అక్కడి షాడ్ మన పులసకు దాయాదే. పుస్తెలమ్మనక్కర్లేదు, టోలు కూడా లేదు.

పాఠాంతరం: నాలుగో పాదాన్ని కొందరు ‘చేపపులుసు తినుము పాపతోడ’ అని చదువుతున్నారు. గణాలు సరిపోయాయి. యతి చెడిందని కొట్టేయబోతే చేప, పాప అని ప్రాసయతి కూడా కుదిరింది. ఛందస్సు ఒప్పుకున్నా న్యూజెర్సీ ప్రభుత్వం ఒప్పుకోదు గనక ఈ పాఠం త్యాజ్యం.

అలంకారం: డబ్బిచ్చి పట్టినదాన్ని ఊరికే వదలడం విరోధంలా తోస్తుంది గనక విరోధాభాస.

చదువరులకు చివరిమాట: లైసెన్సు ఏ నెలలో కొన్నా డిసెంబరు 31తో చెల్లిపోతుంది. నవంబరులో కొనకండి.